చాప కింద మాట

మసెలీనాను పోయిన వారం మనం తడిగడ్డిలో మోకాళ్ళ మీద వదిలి వచ్చాం. తెల్లవారకముందే సమోవాలోని ఫాగావాయి అనే ఊళ్ళోకి వచ్చి, తౌలేమా గారి వాకిట్లో కూర్చుని, మేనమామతో కలిసి ఒకే చాప కప్పుకుంది. అంతకు రెండు రోజుల ముందు, ఇంకా మసకగా ఉండగానే, జోరువానలో ఆమె అన్న పెసమీనో బండి కింద పడి తౌలేమా గారి పెద్దకొడుకు సెతెఫానో పోయాడని రెండు ఊళ్ళవాళ్ళూ చెప్పుకుంటున్నారు. పోలీసులూ అదే రాసుకున్నారు. బండిలో తానొక్కడినే ఉన్నానని పెసమీనో కాగితం రాసి సంతకం చేసి ఇచ్చాడు. అతన్ని పడవెక్కించి అవతలి దీవి జైలుకు పంపేశారు. బండి నడిపింది పెసమీనో కాదు, మసెలీనా అని తెలిసినవాళ్ళు ఆ అన్నాచెల్లెళ్ళిద్దరే. మూడోవాళ్ళం మనం.

ఇప్పుడు పొద్దు నడినెత్తికి వస్తోంది. చాప ఇంకా లేవలేదు.

ఇఫోగా అంటే మాటలు కాదు. ప్రాణం తీసినవాళ్ళ తరఫు పెద్ద, ప్రాణం పోయిన ఇంటి ముందుకు వచ్చి తలవంచి కూర్చోవాలి. అవ్వల నాటి మేలిచాప తల మీదుగా కప్పుకోవాలి. ఎదురుగా కట్టెలమోపు, పొయ్యిరాళ్ళు, అరిటాకులు పెట్టుకోవాలి; చుట్టాలు ఆ మోపు పక్కన కూర్చోవాలి. పొయ్యి రాజేసుకోండి, మమ్మల్ని పందుల్లా కాల్చుకోండి, మీ దయ, అని దాని అర్థం. తర్వాత నోరు మెదపకూడదు. ఇంటాయన వచ్చి చాప ఎత్తితే క్షమించినట్టు. పొద్దుగూకేదాకా ఎత్తకపోతే లేచి ఇంటిదారి పట్టాలి. పోయేసరికి ఆ ఇల్లు ఉంటుందో, బూడిదై ఉంటుందో చెప్పలేం. పెసమీనో సంగతి ఇంకా అన్యాయం. అతనున్న జైల్లో తౌలేమా వాళ్ళ మనుషులు నలుగురున్నారు. చాప లేచిందన్న కబురు అందితే వాళ్ళు అతనికి తమ పళ్ళెంలోది తీసి పెడతారు. లేవలేదన్న కబురు అందితే అతను మళ్ళీ పడవెక్కేది పెట్టెలోనే.

అందుకే మసెలీనా కదలడం లేదు. మోకాళ్ళు మొద్దుబారి తనవి కాకుండా పోయి చాలాసేపయింది. మొగలి ఆకుల్ని దారంలా చీల్చి అల్లిన ఆ చాప పట్టుగుడ్డలా మెత్తగా ఉంటుంది గాని, ఎండెక్కేకొద్దీ దాని కింద గాలి ఆవిరయింది. పక్కన మేనమామ ఆసోవావ. కుటుంబానికి పెద్ద, డెబ్బై దాటినవాడు, చక్కెరజబ్బు మనిషి. నిన్న మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదు. అతని ఊపిరి పగిలిన గొట్టంలోంచి వచ్చినట్టు వస్తోంది.

"మామయ్యా, తల తిరుగుతోందా?" అంది గుసగుసగా.

"నోరు మూసుకో." అతని గొంతు గడ్డిలో పాకినంత చిన్నగా ఉంది. "ఏం జరిగినా నీ నోరు తెరవద్దని చెప్పానా లేదా? నీ సమోవా భాష ఈ వాకిట్లో వినపడిందంటే మనందరం అయిపోయినట్టే."

ఆయన అన్నదాంట్లో అతిశయం లేదు. మసెలీనా పుట్టిందీ పెరిగిందీ ఆక్లండ్‌లో. రెండేళ్ళ కింద మామయ్య ఊరి బడికి లెక్కల టీచరుగా వచ్చింది. ఇంట్లో అమ్మ దగ్గర విన్న భాష ఉంది గాని, అది వంటింటి భాష. అన్నం పెట్టు, తలుపెయ్యి, తమ్ముణ్ణి కొట్టకు, ఇంతవరకే. ఇక్కడ అట్లా కుదరదు. తినడానికి రెండు మాటలు, పడుకోవడానికి రెండు మాటలు, ఇంటికి రెండు, జబ్బుకి రెండు. పెద్దమనిషి కుక్కకైనా మామూలు కుక్క పేరు పనికిరాదు. వచ్చిన కొత్తలో పాస్టరుగారిని పట్టుకుని "బొజ్జ నిండిందా" అన్న లెవెల్లో ఏదో అడిగింది. ఆయన నవ్వేసి ఊరుకున్నాడు గాని, ఆయన భార్య ఇప్పటికీ ఊరుకోలేదు.

చాప బయట జనం పెరుగుతున్నారు. కాళ్ళ చప్పుడు తెలుస్తోంది. ఆడవాళ్ళ మాటలు పక్కనే కూర్చున్నట్టు వినపడుతున్నాయి.

"ఆ చాప ఎవరల్లిందే?"

"ఆసోవావ వాళ్ళమ్మ. మూడేళ్ళు పట్టిందట. చూడు, పట్టు అంటే నమ్మాల్సిందే."

"పైన పట్టే. కిందున్నదే పీచు."

ఎవరో ముక్కుతో నవ్వారు. నవ్వినామెను ఇంకొకామె కసిరింది. "చావింటి ముందు పళ్ళు బయటపెట్టకు."

"నేనెక్కడ పెట్టానూ? పళ్ళుంటేగా."

ఆ మాటలకు మసెలీనాకు ఏడుపొచ్చింది. మనుషులు మామూలుగా ఉన్నారు. ఎండ మామూలుగా ఉంది. ఎక్కడో పొయ్యిలో టారో దుంప కాలుతున్న వాసన కూడా మామూలుగానే వస్తోంది. తాను మాత్రం ఒక మనిషి మీదుగా బండి నడిపి, అన్నను జైలుకు పంపి, ముసలాయన్ని ఎండలో కూర్చోబెట్టి, నోరు మూసుకుని ఉంది.

అప్పుడు ఇంట్లోంచి ఒక ఆడగొంతు వచ్చింది.

"ఎవరైనా ఒకరు నాకు జవాబు చెప్పండి."

వాకిలంతా ఒక్కసారి సద్దుమణిగింది. అది రొపేతా గొంతు. సెతెఫానో తల్లి. కొడుకును ఇంటికి తెచ్చినప్పటి నుంచి ఆమె ఎవరితోనూ మాట్లాడలేదని ఊరంతా అనుకుంటున్నారు.

"నా కొడుకు ఎట్లా పోయాడు? ఆఖర్న ఏమైనా అన్నాడా? బాధపడ్డాడా? అదొక్కటీ చెప్పండి. తర్వాత మీ చాప సంగతి మా ఆయన చూసుకుంటాడు."

ఇది పద్ధతి కాదు. చాప కిందున్నవాళ్ళను ఎవరూ ప్రశ్నలడగరు. కానీ అడిగింది తల్లి. అడిగినప్పుడు జవాబు చెప్పకపోతే అది మొండితనం, పొగరు. చెప్పాల్సింది ఆసోవావ. ఆయన మాటకారి, ఒక్క ఉపన్యాసంతో రెండు ఊళ్ళను ఏడిపించిన రోజులున్నాయి. మసెలీనా ఆయన వైపు చూసింది. ఆయన పెదాలు కదిలాయి. శబ్దం రాలేదు. కళ్ళు పైకి తిరిగి, మనిషి మెల్లగా ఒరిగి ఆమె భుజం మీద వాలిపోయాడు. ఊపిరి ఆడుతోంది. అంతే.

"చెప్పరా? నోళ్ళు పడిపోయాయా?" అని ఒక మగగొంతు. లఫాయి. తౌలేమా గారి తమ్ముడి కొడుకు, సెతెఫానోతో కలిసి ఒకే పడవలో చేపలవేటకు పోయేవాడు. అతని చేతిలో రాయి ఉందని చూడకపోయినా తెలుస్తోంది.

మసెలీనా పది లెక్కపెట్టింది. మామయ్య లేవలేదు. ఇంకో పది. ఆ తల్లికి ఒక్క మంచి మాట, ఒకే ఒక్క మంచి మాట చెప్పాలనిపించింది. బాధపడలేదు, ఆ క్షణమే పోయాడు, అని.

"అమ్మగారూ," అంది గట్టిగా, చాప కింద నుంచి. "మా అన్న చెప్పాడు. సెతెఫానో బాధపడలేదు. అప్పటికప్పుడే మతే."

బయట ఎవరో "అయ్యో" అన్నారు.

ఆ మాట ఆమెకు ఆక్లండ్ బళ్ళో వచ్చింది. పక్కబెంచీ మావోరీ పిల్లలు మనిషి పోతే ఆ మాటే అంటారు. అటు మావోరీ, ఇటు సమోవా, ఒకే తల్లి బిడ్డల్లాంటి భాషలు. సగం మాటలు రెంటికీ ఒకటే. ఆ సగంలో ఇదీ ఒకటనుకుంది. నిజానికి మాట ఒకటే. కానీ సమోవాలో మనిషి పోతే ఒక మాట, పెద్దమనిషి పోతే ఇంకో మాట. ఆమె అన్న మాట మాత్రం పందికి, కోడికి, ఆరిపోయిన దీపానికి. తమను పందుల్లా కాల్చుకోమని వచ్చి కూర్చున్నవాళ్ళు, పోయినవాణ్ణి పంది అన్నారు.

"ఏమందిరా అది?" లఫాయి అరిచాడు. "మా అన్నని ఏమంది? పోయాడు అనలేదు. చచ్చింది అంది. విన్నారా అందరూ? మా అన్న చచ్చిందట."

రాయి వచ్చి మసెలీనా వీపు మీద, రెక్క ఎముక దగ్గర తగిలింది. కళ్ళ ముందు తెల్లగా మెరిసింది. రెండోది చాపకు తగిలి జారిపోయింది. ఎవరో ఏడుస్తున్నారు, ఎవరో తిడుతున్నారు. ఇందాక నవ్విన ముసలామె "దానికి మాటలు రావురా, పరాయిదేశం పిల్లరా" అంటోంది. ఆమె గొంతు ఎవరికీ పట్టలేదు.

"కట్టెలు వాళ్ళే తెచ్చుకున్నారుగా," అన్నాడు లఫాయి. "రాళ్ళు తెచ్చుకున్నారు, ఆకులు తెచ్చుకున్నారు. అగ్గిపుల్ల ఒక్కటే మనది. పెదనాన్నా, నువ్వు ఊ అను."

తౌలేమా ఊ అనలేదు. ఊహూ అనలేదు. పొద్దుటి నుంచి ఆయన ఇంటి ముందరి స్తంభానికి వీపు ఆనించి, చేతికర్ర ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని కూర్చునే ఉన్నాడని, కన్ను కూడా ఆర్పడం లేదని ఆడవాళ్ళు చెప్పుకోవడం మసెలీనా వింది. 

మసెలీనా మామయ్య తలను తన ఛాతీకి అదుముకుని, తన వీపు అడ్డం పెట్టింది. ఇంక రెండు మూడు రాళ్ళు. తర్వాత మంట. పెసమీనోకు ఈ కబురు సాయంత్రం పడవలో పోతుంది. మీ చెల్లెలు ఒక్క మాట అంది, ఆ మాటతో నీ పని అయిపోయింది, అని ఎవరో చెప్తారు.

"లఫాయీ." రొపేతా గొంతు ఈసారి దగ్గర్నుంచి వచ్చింది. "రాయి కింద పెట్టు."

"పెద్దమ్మా, అది—"

"అడిగింది నేను. చెప్పింది నాకు. మధ్యలో నీకేం పని? కింద పెట్టు."

రాయి నేల మీద పడిన చప్పుడు. తర్వాత గడ్డిలో అడుగులు. చాప అంచు దగ్గర రెండు పాదాలు వచ్చి ఆగాయి. పగుళ్ళు తేలిన మడమలు, ఒక కాలి బొటనవేలి గోరు నల్లబడి ఉంది. ఆ పాదాలు మడతపడి, ఆమె అక్కడే గడ్డిలో కూలబడింది. ఆమెకూ మసెలీనాకూ మధ్య మొగలి ఆకు మందం.

"ఎవరి పిల్లవే నువ్వు?"

"పెసమీనో చెల్లెల్నమ్మగారూ."

"ఓ. లెక్కల టీచరువి. పాస్టరుగారి బొజ్జ గురించి అడిగింది నువ్వేగా?"

 "నేనే."

"ఆ మాట ఎక్కడ నేర్చుకున్నావు? ఇప్పుడు నా కొడుకుని అన్నావే, ఆ మాట."

"ఆక్లండ్‌లో. బళ్ళో మావోరీ పిల్లల దగ్గర. వాళ్ళు మనుషులకే అంటారమ్మగారూ. నా స్నేహితురాలి తాత పోయినప్పుడు మూడు రోజులు వాళ్ళింట్లో కూర్చున్నాను. అందరూ ఆయన్ని ముట్టుకుని ఏడుస్తూ ఆ మాటే అన్నారు. నేను మంచి మాటనుకున్నాను. ఒట్టు."



"ముట్టుకుని ఏడుస్తూ అంటారా?"

"అవును."

"అయితే వాళ్ళ నోట్లో మంచిదే అయ్యుంటుంది." ముక్కు చీదుకుంది. "మా నోట్లో కాదు. నా కొడుక్కి నువ్వు ఓతీ అనాలి. మా ఆయన పోతే మలీయూ అనాలి. గుర్తుపెట్టుకో."

"గుర్తుపెట్టుకుంటాను."

"సరే, నీకొచ్చిన మాటల్లోనే చెప్పు. తప్పులుంటే నేను దిద్దుకుంటాను. మీ అన్న నీకేం చెప్పాడు? మొదటి నుంచి చెప్పు. నాకు ఎవరూ ఏమీ చెప్పడం లేదు. ఇంట్లో అందరూ తినమంటారు, పడుకోమంటారు. నా కొడుకు సంగతి మాత్రం చెప్పరు."

అంత మెత్తగా అడుగుతుందని మసెలీనా అనుకోలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఒక్కో మాటా ముందు మనసులో అనుకుని, అది పెద్దలకు వాడేదా కాదా అని తిప్పి చూసుకుని, వేడి గిన్నె దించినట్టు జాగ్రత్తగా బయట పెట్టడం మొదలుపెట్టింది.

"వాన చాలా ఉందమ్మగారూ. దుంపల బుట్టలు వేసుకుని పడవ రేవుకు పోతున్న బండి. అద్దం మీద నీళ్ళు ఆగడం లేదు. మీ ఊరి చివర, సున్నపురాయి గోడ దగ్గర మలుపు ఉంది కదా. అక్కడ తిరిగేసరికి బండి దేన్నో ఎక్కింది. ఎక్కి దిగింది. బ్రేకు వేస్తే చాలా దూరం జారింది. అప్పుడు మేమిద్దరం దిగి—"

ఆగిపోయింది.

ఇంగ్లీషులో అయితే ఇబ్బంది లేదు. మేము అంటే మేమే. ఎంతమందో ఎవరూ అడగరు. సమోవాలో అట్లా తప్పించుకోలేం. "మాతోవు" అంటే మేము ముగ్గురమో, ముప్ఫై మందిమో. "మావువా" అంటే మేమిద్దరం, సరిగ్గా ఇద్దరం, ఒకరు ఎక్కువ కాదు, ఒకరు తక్కువ కాదు. మేము అని నోరు తెరిచిన ప్రతివాడూ లెక్క చెప్పి తీరాలి. పెసమీనో రాసిచ్చిన కాగితంలో మేము అన్న మాటే లేదు. అంతటా నేను, నేను, నేను. మసెలీనా మర్యాద తప్పకుండా చూసుకుంటూ సంగతి జారవిడిచింది. ఆ పూట ఆమె తప్పు లేకుండా పలికిన మొదటి మాట "మావువా".

రొపేతా చాపకు ఇంకా దగ్గరగా జరిగింది.

"ఎంతమంది అన్నావు?" అంది. గొంతు ఇంతకుముందు కంటే చిన్నదయింది.

"అమ్మగారూ, నాకు భాష సరిగా రాదు. నేను—"

"ఈ మాట సరిగానే వచ్చింది."

చాప అంచు పైకి లేచింది. కత్తిలా వెలుతురు లోపలికి దూసుకొచ్చింది. బయట ఎవరో "లేచింది, చాప లేచింది" అని అరిచారు; ఎవరో ప్రార్థన అందుకున్నారు; కట్టెలమోపు పక్కన కూర్చున్న మసెలీనా వాళ్ళ చుట్టాలు గొల్లుమన్నారు. ఆ గోలలోనే రొపేతా వంగి, పాక్కుంటూ చాప కిందికి వచ్చేసి, వెనకనుంచి దాన్ని మళ్ళీ కిందికి లాగేసుకుంది.

బయట గోల ఎలా లేచిందో అలాగే ఆగిపోయింది.

"లేచిందా, పడిందా?"

"రెండూ."

"తల్లి లోపలికెందుకు పోయిందే? ఇదేం పద్ధతి?"

"పద్ధతేం కాదు. నా డెబ్బై ఏళ్ళలో చూడలేదు."

లోపల మసక. రొపేతా మొహం జానెడు దూరంలో ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు గింజల్లా ఉబ్బిపోయాయి. కొబ్బరినూనె వాసన, చెమట వాసన. ఆమె ఒకసారి ఆసోవావ ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసి, బతికే ఉన్నాడని రూఢి చేసుకుని, మసెలీనా వైపు తిరిగింది.

"బండి ఎవరు నడిపారు?"

అబద్ధం చెప్పొచ్చు. పెసమీనో అనొచ్చు. పక్కన కూర్చున్నాను అంతే, అనొచ్చు. దానికి కావాల్సిన మాటలన్నీ ఆమెకు వచ్చు.

"నేను."

"మీ అన్న?"

"పక్కన ఉన్నాడు. మీ అబ్బాయిని చూసి, ఇంక లాభం లేదని తెలిశాక, అన్న నా చేతిలోంచి తాళాలు లాక్కున్నాడు. పోలీసుల ముందు, పెద్దల ముందు నువ్వు నిలబడితే నీ నోరే నిన్ను పాతేస్తుంది, ఒకటి అనబోయి ఇంకోటి అంటావు, నేను చెప్తాను, నువ్వు నడిచి ఇంటికి పో అన్నాడు. నేను పోయాను." అంది మసెలీనా. "పోయానమ్మగారూ. వానలో నడిచి ఇంటికి పోయి, తల తుడుచుకుని, పడుకున్నాను. మీరు ఏం చేసినా సరే. అన్నని మాత్రం వదిలేయమని చెప్పండి. లఫాయిని పిలవండి. నేనే అని చెప్పండి."

దెబ్బ పడుతుందని కళ్ళు మూసుకుంది. పడలేదు. కళ్ళు తెరిచేసరికి రొపేతా ఇంకా అలాగే చూస్తోంది. కోపం కాదు ఆ చూపులో. దారి తప్పినవాళ్ళు దీపం కోసం చూసినట్టు చూస్తోంది.

"నిలబడి ఉన్నాడా?" అంది.

"ఎవరు?"

"నా కొడుకు. నీ బండి వచ్చేసరికి నిలబడి ఉన్నాడా? నడుస్తున్నాడా? చెయ్యి ఊపాడా? పడుకుని ఉన్నాడా?"

"నాకు మనిషి కనపడలేదు. వాన..."

"కళ్ళు మూసుకుని చూడు. చూసి చెప్పు." రొపేతా ఆమె మణికట్టు పట్టుకుంది. వేళ్ళు ఎముక దాకా దిగాయి. "నేనే కడిగాను వాడి ఒళ్ళు. ఎవర్నీ ముట్టనివ్వలేదు. నీ బండి వాడి కాళ్ళ మీదుగా పోయింది. కాళ్ళ దగ్గర గాయాలు పచ్చిగా ఉన్నాయి. తల వెనక ఇంకోటుంది. అది నల్లగా ఎండిపోయి, జుట్టుకు అట్టకట్టి ఉంది. వేడినీళ్ళతో నానబెట్టి ఊడదియ్యాల్సి వచ్చింది నాకు. వానలో తగిలిన దెబ్బ ఎండుతుందా? నువ్వు టీచరువి కదా. చెప్పు."

మసెలీనా కళ్ళు మూసుకుంది. 

రెండు రోజులుగా ఆ మలుపును తలుచుకోని నిమిషం లేదు. కానీ తలుచుకున్నప్పుడల్లా చక్రం ఎక్కి దిగిన కుదుపు దగ్గరే ఆగిపోయేది. అంతకుముందు క్షణాన్ని చూడటానికి ధైర్యం చాలేది కాదు. ఇప్పుడు చూసింది. దీపాల వెలుగు. వాన గీతలు. రోడ్డుకు అడ్డంగా, పొడుగ్గా, చదునుగా ఏదో ఉంది. గాలికి కొబ్బరి మట్ట పడిందనుకుంది. మట్టల మీదుగా పోవడం రోజూ ఉన్నదే కదా అనుకుంది.

"పడుకుని ఉన్నాడు," అంది. "మీద ఏదో కప్పి ఉంది. మట్టలనుకున్నాను. దిగాక అన్న దాన్ని లాగి పక్కకి పడేశాడు. కొబ్బరాకులే. కానీ రాలిన మట్టలు కావు." మాట వెతుక్కుంది. దొరకలేదు. చేత్తో చూపించింది, వేళ్ళు ఒకదాని కింద ఒకటి పోనిస్తూ. "ఇట్లా. అల్లినవి."

"తెర."

"ఇంటికి దింపుతారే, వాన రాకుండా..."

"తెర," అంది రొపేతా మళ్ళీ. ఈసారి గాలితో అంది. "మా ఇంట్లో పడమటి వైపు తెర ఒకటి కనపడ్డం లేదు. జల్లు లోపలికి కొడుతోంది, ఏమైందని అడిగాను. గాలికి పోయిందన్నాడు."

"ఎవరన్నారు?"

 రొపేతా కళ్ళు మసెలీనా మీద లేవు. చాప అంచు మీద ఉన్నాయి.

అంచు కింద, కుచ్చుల మధ్య నుంచి, నల్లటి చేతికర్ర మొన ఒకటి కనపడుతోంది. గడ్డిలో దిగబడి ఉంది. దాని పక్కన రెండు పాదాలు. ఎప్పుడు వచ్చాయో, ఎంతసేపటి నుంచి ఉన్నాయో ఇద్దరికీ తెలియదు. అడుగుల చప్పుడు వినలేదు.

చాప లేచింది.

ఈసారి అంచు కాదు, మొత్తం. ఎండ మీద పడేసరికి మసెలీనాకు కాసేపు ఏమీ కనపడలేదు. తర్వాత తౌలేమా కనపడ్డాడు. చాపను రెండు చేతులా పైకెత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. తెల్లటి జుట్టు, వెడల్పాటి ఛాతీ, చర్చిలో ముందు బెంచీలో కూర్చునే మనిషి. ఆరుగంటలు స్తంభానికి ఆని రెప్పవేయని ఆ మొహం ఇప్పుడు చెమటతో తడిసి మెరుస్తోంది.

"ఆసోవావా, లేవండి," అన్నాడు. గొంతు వాకిలి దాటి రోడ్డు దాకా వినపడింది. ఒక్కో మాటా మేలిమి మాట, పెద్దలకు వాడేది, మసెలీనా ఈ జన్మకు పలకలేనిది. "మీ తల వంపు మా ఇంటికి చేరింది. మీ అవ్వల చాప మా గుండెకు చేరింది. దేవుడి ముందు, ఈ వాకిలి ముందు మేము క్షమించాము. నా కొడుకు సంగతి ఈ రోజుతో సమాప్తం. ఇక మీదట ఈ రెండు ఊళ్ళల్లో దాని గురించి ఎవరు నోరెత్తినా, వాళ్ళు నావాళ్ళయినా సరే, వాళ్ళని ఊరు వెలేస్తుంది."

పాస్టరుగారు ఆమెన్ అన్నాడు. ఊరంతా ఆమెన్ అంది. లఫాయి మొహం పక్కకు తిప్పుకుని వెక్కుతున్నాడు. ఎవరో కొబ్బరిబోండం కొట్టి ఆసోవావ నోటికి పట్టారు. రెండు గుక్కలు లోపలికి పోయాక ఆయన కళ్ళు తెరిచి, తల మీద చాప లేకపోవడం చూసి, పసిబిడ్డలా ఏడ్చాడు.

ఇంతకీ నా భార్య చాప కిందికి ఎందుకు పోయింది, అక్కడ ఏం మాట్లాడుకున్నారు అని తౌలేమా అడగలేదు. ఆయన అడగలేదు గనక ఇంకెవరూ అడగలేదు. పొద్దుటి నుంచి ఊ అని కూడా అనని మనిషి, ఇంకొక్క నిమిషం ఆగలేకపోయాడు. మసెలీనాకు అర్థమయింది: తన బండి రాకముందే సెతెఫానో పోయి ఉన్నాడు, ఎవరి చేతిలోనో ఈయనకు తెలుసు. ఆమె దేనికోసం వచ్చిందో అది దొరికింది. ఇల్లు కాలదు. జైల్లో అన్నకు పళ్ళెంలోది తీసి పెడతారు. దానికి బదులుగా రోడ్డు మీద చూసింది మింగేయాలి. మింగితే అన్న చెయ్యని హత్యకు, తానూ చెయ్యని హత్యకు, ఆ జైల్లోనే ఏళ్ళు గడుపుతాడు.

"లేవమ్మా," అన్నాడు తౌలేమా ఆమెతో. గొంతు చాలా దయగా ఉంది. చాపను మడతపెట్టి తన భుజాన వేసుకున్నాడు. "లేచి కృతజ్ఞత చెప్పు. చెప్తే అయిపోతుంది."

"చెప్పవే తల్లీ," అన్నాడు ఆసోవావ ఏడుపు మధ్యలో. "ఆ ఒక్క మాటైనా తప్పు లేకుండా చెప్పు."

ఊరంతా ఆమె నోటి వైపు చూస్తోంది. ఒక్క రొపేతా చూడటం లేదు; గడ్డిలో ఇంకా మోకాళ్ళ మీదే ఉంది, కానీ వేళ్ళు మాత్రం మసెలీనా మణికట్టును ఇంకా వదల్లేదు.

కృతజ్ఞత మాట మసెలీనాకు బాగా వచ్చు. అమ్మ అన్నిటికంటే ముందు నేర్పిన మాట అదే. ఎక్కడా నాలుక మడతపడదు.

నోరు తెరవలేదు.